ఒడికోడి

ఆ ఉదయం గోలో వాకస్‌లో కాఫీగింజలు ఆరబోసిన చాపల దగ్గర ఒక్కరూ కూర్చోలేదు. అంత చక్కటి ఎండని కోళ్ళకీ పిట్టలకీ వదిలేసి ఆడవాళ్ళంతా ఊరి మొగదల వెదురు తడిక దగ్గర చేరారు. భూమి కడుపులోంచి ఆవిరి తీసి కరెంటు చేస్తామంటున్న కంపెనీవాళ్ళు మళ్ళీ వస్తున్నారు. వాళ్ళు రావడం, వీళ్ళు అరవడం ఊరికి కొత్తేం కాదు. కాని ఈసారి వాళ్ళ జీపులో అగాతా కూతురు ఉంది.

అగాతా ఊరిపెద్ద కొర్నెలిస్ భార్య. ఒకప్పుడు ఆ మాటకి విలువుండేది. పోయినేడు కొర్నెలిస్ ఒక మర్యాద చేసి ఆ విలువంతా పోగొట్టుకున్నాడు.

ఫ్లోరెస్ దీవి కొండల్లో ఊరికి కొత్తవాళ్ళొస్తే ఊరిపెద్ద ఇంటివాళ్ళు తెల్లపుంజుని రెండు చేతులా పట్టుకుని ఎదురెళ్ళాలి. "మిమ్మల్ని ఒడిలోకి తీసుకుంటున్నాం" అని చేతికివ్వాలి. వచ్చినవాడు అందుకుని, "మీ ఒడి చల్లగా ఉండాలి" అనాలి. ఆ తర్వాత ఇంటివాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తేనే తడిక దాటాలి. అదే ఒడికోడి. పోలీసొచ్చినా ఇదే, పగవాడొచ్చినా ఇదే. కోడినిచ్చి కూర్చోబెట్టాక తిట్టుకోవచ్చు, కాని ఇవ్వకుండా తిట్టకూడదు. కంపెనీవాళ్ళు మొదటిసారి వచ్చినప్పుడు కొర్నెలిస్ అలాగే ఇచ్చాడు. నాలుగు రోజులు తిరక్కుండానే పట్నం పేపర్లో అతని ఫొటో వేసి, 'ఆవిరి కరెంటుకి ఊరి ఆమోదం' అని రాశారు. పుంజునిచ్చి కొండని అమ్మేశాడని ఊరు ఊరంతా ఆడిపోసుకుంది. పాపం, ఆ పుంజు డబ్బులు కూడా అతనివే. ఆనాటి నుంచి ముసలాయన ఊరంతా కూడే పెద్దింటి సభకి వెళ్ళడం మానేసి పొయ్యి దగ్గరే కూర్చుంటున్నాడు.

ఊరు మాత్రం ఒక్కమాట మీద ఉందా అంటే లేదు. కుర్రాళ్ళలో సగం మందికి కరెంటు కావాలి, కంపెనీలో పని కావాలి. ముసలివాళ్ళకి ఊరంతా తాగే కొండ ఊట కావాలి. జిల్లా కచేరీలో పెట్టిన సభలో ఇద్దరు పెద్ద చదువులవాళ్ళు మైకు లాక్కుని మరీ పోట్లాడుకున్నారు. విచిత్రమేమిటంటే ఇద్దరూ భూమిని కాపాడాలనే అరిచారు. బొగ్గు మానకపోతే లోకం కాలిపోతుందని ఒకాయన, కొండని తవ్వితే లోకం సంగతేమో గాని ఈ ఊరు ఎండిపోతుందని రెండో ఆయన. అగాతాకి ఇద్దరి మాటా నిజమే అనిపించింది.

కూతురు యుస్తినా కంపెనీ ఉద్యోగంలో చేరానని ఈస్టర్ పండక్కి ఇంటికొచ్చినప్పుడు చెప్పింది. ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది అగాతాకి.

"లోకంలో ఇంకే పనీ దొరకలేదటే నీకు?"

"రోసా పిన్నిని మట్టి మింగినప్పుడు నువ్వేమన్నావమ్మా? ఇలాంటి వాన ఈ నెలలో ఎప్పుడూ ఎరగం అన్నావు. ఆ వాన ఊరికే వచ్చిందా? ఎక్కడెక్కడో బొగ్గు తగలబెట్టిన పొగ అది. మన కాఫీ పూత రెండేళ్ళుగా ఎందుకు రాలిపోతోంది? అదీ అందుకే."

రోసా అగాతా చెల్లెలు. తుపాను రాత్రి కొండచరియ విరిగి ఇంటితో సహా పోయింది. ఆ పేరెత్తితే అగాతా నోరు పెగలదని కూతురికి తెలుసు. తెలిసే ఎత్తింది.

"పక్క కొండ మీద తవ్వారుగా," అంది అగాతా, ముద్ద కంచంలో పెట్టేసి. "అక్కడ ఇంటికప్పుల రేకులు ఆ ఆవిరికి రెండేళ్ళకే జల్లెడైపోయాయట. ఊటనీళ్ళు కుళ్ళిన గుడ్డు కంపట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, మీ మందు అలా ఉంది."

"అది పాతకాలం పని, చెడగొట్టారు. ఇది అలా జరగదు."

"ఎవరు చెప్పారు? వాళ్ళేనా?"

యుస్తినా కంచం పక్కకి నెట్టింది. "నేను వాళ్ళతో వస్తానమ్మా. నేను కాకపోతే ఇంకెవరో వస్తారు, మీకు అబద్ధాలు చెప్తారు."

ఆ మాటలో గర్వం ఉంది, ప్రేమా ఉంది. ఏది ఎంతో అగాతాకి అంతుపట్టలేదు.

కంపెనీ మళ్ళీ వస్తోందని తెలిశాక పెద్దింట్లో ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఈసారి ఒడికోడి ఇవ్వకూడదు, ఎవరినీ తడిక దాటనివ్వకూడదు. బయటివాళ్ళ వరకు అది బాగానే ఉంది. చిక్కంతా యుస్తినాతోనే. ఆడపిల్ల సొంత ఊరికొస్తే కోడి అక్కర్లేదు, ఎవరూ చెయ్యి పట్టుకోనక్కర్లేదు. తిన్నగా నడిచొచ్చి వంటింట్లో దూరుతుంది. ఆమె వెంట వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, ఇంటివాళ్ళ కిందే లెక్క. ఇంటిబిడ్డ తెచ్చిన మనిషిని ఆపినవాడు ఈ కొండల్లో ఇంతవరకు లేడు.

"తెలివంటే కంపెనీవాడిదే," అంది ఫెలిసిటా, చెంగు నడుముకి బిగిస్తూ. ఆమెది పక్కిల్లు, నోరు పెద్దది. "మన తాళానికి మన ఇంట్లోంచే చెవి చేయించుకున్నాడు. ఏం వదినా, నీ కూతురు 'మా అమ్మ ఇల్లే కదా' అని వచ్చేస్తే ఆపుతావా, అన్నం వడ్డిస్తావా?"

అందరూ అగాతా వైపు చూశారు. ఆమె తిన్నగా ఇంటికెళ్ళింది. వెళ్ళి తెల్లపుంజుని పట్టుకొచ్చి చంకలో పెట్టుకుని నిలబడింది.

"ఓలమ్మో! మొగుడు చేసిన నిర్వాకం చాల్లేదని పెళ్ళాం కూడానా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"నోర్ముయ్యవే," అంది అగాతా. పుంజు గుండె ఆమె మోచేతికి టకటకా తగులుతోంది.

జీపులు రెండు వచ్చి ఆగాయి. ముందు దిగింది దర్మావాన్ గారు. జావా మనిషి, కంపెనీలో పెద్ద. నిజం చెప్పుకోవాలంటే చెడ్డవాడిలా కనిపించడు. బురదలో బూట్లు దిగబడుతున్నా చేతులు జోడించే వచ్చాడు.

"అమ్మా, మా ఊరు సముద్రం ఒడ్డున," అన్నాడు. "మా అమ్మ సమాధి ఇప్పుడు నీళ్ళలో ఉంది. పువ్వులు పెట్టాలంటే పడవెక్కి వెళ్తాను. లోకం వేడెక్కడమంటే నాకు పుస్తకంలో సంగతి కాదు."

"మీ అమ్మకి మా దండాలు బాబూ," అంది ఫెలిసిటా. "కాని మునిగింది మీ ఊరైతే తవ్వేది మా ఊరేమిటి? నగరాల్లో మేడలున్నాయిగా, వాటి కింద తవ్వుకోండి."

"ఆవిరి ఇక్కడే ఉందమ్మా."

"మేమూ ఇక్కడే ఉన్నాం!"

ఆడవాళ్ళు ఘొల్లుమని నవ్వారు. నవ్వు తగ్గేలోపు యుస్తినా ముందుకొచ్చింది. కంపెనీ చొక్కా వేసుకుంది, జుట్టు పైకి ముడేసింది. చిక్కిపోయినట్టుంది.

"అత్తా, నవ్వితే సరిపోతుందా?" అంది ఫెలిసిటాతో. "మీ అబ్బాయి ఫోను ఛార్జింగు పెట్టుకునే కరెంటు డీజిలుది. రుతెంగ్ పట్నం ఆసుపత్రిలో మీకు ఆపరేషన్ చేసిన కరెంటు కూడా పొగదే. పొగ వద్దు, ఆవిరి వద్దు, కరెంటు మాత్రం కావాలి. ఎవరో ఒకరు ఏదో ఒకటి వదులుకోవాలిగా?"

ఫెలిసిటా అంతటిది కూడా నవ్వు ఆపి చెంగు సర్దుకుంది. మాట సూటిగా తగిలింది మరి. ఆడవాళ్ళ వెనక చేరిన కుర్రాళ్ళిద్దరు తలలూపారు కూడా. కాని ఆ 'ఎవరో ఒకరు' అనే మాట వినగానే అగాతాకి ఒళ్ళు మండింది.

"ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ మేమేనా యుస్తినా? వాళ్ళు కాల్చుకున్నందుకు నా చెల్లెలు పోయింది. ఇప్పుడు వాళ్ళు మంచివాళ్ళయ్యారని నా ఊట కూడా పోవాలా?"

యుస్తినా కళ్ళు చెమర్చాయి. "ఊట పోదమ్మా. పోనివ్వను. లోపలికి రానీ, కూర్చుని చెప్తాను." అని దర్మావాన్ గారి వైపు తిరిగి, "రండి సార్, ఇది మా ఇల్లే," అంటూ తడిక మీద చెయ్యి వేసింది.

ఎవరూ అడ్డుపడలేదు. ఫెలిసిటా కూడా ఒక అడుగు పక్కకి జరిగింది. ఇంటిబిడ్డని ఎలా ఆపుతుంది?

అప్పుడు అగాతా తడికకి అడ్డంగా వచ్చి నిలబడింది. చంకలోని పుంజుని రెండు చేతుల్లోకి తీసుకుని కూతురి ముందు చాపింది. అందరికీ వినబడేలా అంది.

"మిమ్మల్ని ఒడిలోకి తీసుకుంటున్నాం."

యుస్తినా తడిక మీంచి చెయ్యి తీసేసింది. "అమ్మా, నాకెందుకు కోడి? నేను..."

అగాతా చేతులు దించలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇంతమందిలో ఆ కడుపే చించుకుంటున్నానని ఆమెకి తెలుసు. వద్దులేవే, రావే అనాలని నోటి చివరిదాకా వచ్చింది. అంటే ఆ రావడంతో పాటు కొండంతా పోతుంది. అందుకని పళ్ళ బిగువున నిలబడింది.

యుస్తినా తల్లి మొహంలోకి చూసింది. తర్వాత చేతులు చాపి పుంజుని అందుకుంది.

"మీ ఒడి చల్లగా ఉండాలి," అంది, పరాయిమనిషి అన్నట్టే.

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాల్సిన అగాతా రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

దర్మావాన్ గారి మొహం వెలిగింది. "మంచిది, చాలా మంచిది! అంటే ఊరు ఒప్పుకున్నట్టేగా?"

అందరూ యుస్తినా వైపు తిరిగారు. అవునని ఒక్క మాటంటే చాలు, ఉద్యోగం నిలబడుతుంది, ఆమె నమ్మిన పనీ నిలబడుతుంది. కాదని అక్కడ ఇంకెవరు చెప్పినా ఆయన వినడు.

"లేదు సార్," అంది యుస్తినా. "ఊరు మీకేం చెప్పలేదు. మా అమ్మ నాకు చెప్పింది. ఈ ఊళ్ళో నేను ఇంక పరాయిదాన్నని. వెనక్కి వెళ్దాం పదండి."

పుంజుని గుండెకి అదుముకుని జీపెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

జీపులు మలుపు తిరిగాక ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ఫెలిసిటా అగాతాని కావలించుకుని, "గెలిపించావు వదినా, బంగారం లాంటి దానివి!" అంది. అబద్ధం చెప్పకుండా వెళ్ళిన ఆ పిల్ల ఊసు ఒక్కరూ ఎత్తలేదు. కంపెనీ మళ్ళీ రాదన్న భరోసా లేదు, వచ్చే ఏడు వానలు సరిగా కురుస్తాయన్న భరోసా అసలే లేదు. అగాతా వాళ్ళ చేతులు విడిపించుకుని ఇంటికి నడిచింది.

కొర్నెలిస్ పొయ్యి దగ్గరే ఉన్నాడు. పొద్దున తనే దంచి వండిన మొక్కజొన్న అన్నం, కర్రపెండలం ఆకుకూర కూతురి కోసం మూతపెట్టి ఉంచాడు.

"అమ్మాయేది?"

"ఒడికోడి ఇచ్చి పంపేశాను."

ముసలాయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కోప్పడలేదు. మూత తీసి కుండలోకి చూశాడు.

"సరేలే. అతిథైనా అన్నం పెట్టి పంపాలి కదే," అన్నాడు.

అగాతా గడప మీద కూలబడి ఏడ్చింది.