పార్టీలకతీతంగా

అన్నదమ్ములిద్దరూ చెరో పార్టీలో చేరిన రోజు నుంచి తోడికోడళ్ళకు మాటల్లేవు. ఇళ్ళు మాత్రం పక్కపక్కనే. ఆడవాళ్ళకు కేటాయించిన వార్డుల్లో భార్యలను నిలబెట్టి గెలిపించుకున్నారు. కౌన్సిల్లో ఇద్దరివీ ఎదురెదురు వరసలు. సందర్శకుల బెంచీ మీద మొగుడు దగ్గితే చెయ్యెత్తాలి. పదవి అంటే అంతే.

చిన్నామెకు గర్భం పోయి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా పెద్దామె చూడడానికి రాలేదు. ఆ కోపం నివురుగప్పిన నిప్పులా ఉండిపోయింది.

ఒకరోజు చిన్నామె ముందుగదిలో బావగారు కాలు మీద కాలేసుకుని కనిపించారు. భర్త ఆయన ముందు బజారు ప్లాను పరుస్తున్నాడు. రోడ్డు వెడల్పు పేరుతో కూరగాయల దుకాణాలు కొట్టించి, ఆ స్థలంలో అన్నదమ్ములు కలిసి కాంప్లెక్సు కట్టాలని ఆలోచన.

"రేపు ఈ తీర్మానం పార్టీలకతీతంగా పాసవ్వాలి," అన్నాడు భర్త. "నువ్వూ వదినా ఇద్దరూ చెయ్యెత్తండి."

"మీ ఇద్దరికీ మాటల్లేవుగా?" అంది చిన్నామె.

బావగారు నవ్వారు. "మాకెప్పుడు లేవమ్మా? నువ్వు ఆసుపత్రిలో ఉన్న రాత్రి కూడా వీడు నాతోనే భోంచేశాడు. జనం ముందు కాస్త పౌరుషం ఉండాలి, అంతే."

తెచ్చిన టీ కప్పులు అక్కడే వదిలేసి ఆమె పెరటి గోడ దగ్గరికి వెళ్ళింది. అవతల పెద్దామె బట్టలారేస్తోంది.

"అక్కా, నేను ఆసుపత్రిలో ఉంటే ఎందుకు రాలేదు?"

పెద్దామె చేతిలోని తడిచీర గట్టిగా పిండింది. "గేటు దాకా వచ్చానే. మీ బావగారు వెనక్కి లాక్కొచ్చారు. నీ మొహం చూస్తే నన్ను పుట్టింటికి పంపించేస్తానన్నారు."

"ఆ రాత్రి వాళ్ళిద్దరూ కలిసి తిన్నారట."

"తిన్నారా?" పెద్దామె చీరను మళ్ళీ పిండింది, నీళ్ళు లేకపోయినా. "అయితే తిన్నది కక్కిద్దాం."

మర్నాడు కౌన్సిల్లో తీర్మానం చదివారు. బెంచీ మీద అన్నదమ్ములు ఒకేసారి దగ్గారు. చిన్నామె లేచింది.

"ఒక సవరణండీ. కూరగాయల దుకాణాలు రోడ్డుకి ఎడంగానే ఉన్నాయి. రోడ్డు మీదికొచ్చింది మా ఆయన పార్టీ ఆఫీసు. వాటిని వదిలేసి దాన్ని కొట్టించండి."

"దాన్నానుకునున్న మా ఆయన ఆఫీసు కూడా," అంది పెద్దామె ఎదుటి వరసలోంచి. "నేను బలపరుస్తున్నా."

ఆ అన్నదమ్ముల చేత మాట పడని సభ్యుడు అక్కడ లేడు. రెండు వరసల్లోనూ చేతులు లేచాయి. కొందరు నవ్వాపుకోలేకపోయారు.

"ఏయ్, కూర్చో," అంటూ చిన్నామె భర్త బెంచీ మీంచి లేచాడు.

"సభ్యులు కానివాళ్ళు మాట్లాడకూడదు," అంది చైర్‌పర్సన్. "ఇంకోసారి నోరు తెరిస్తే బయటికి పంపించాల్సొస్తుంది."

అతను నోరు మూసుకున్నాడు. పెళ్ళయ్యాక అతన్నలా చూడడం చిన్నామెకిదే మొదటిసారి. కడుపు నిండినట్టనిపించింది, కానీ చాలలేదు.

"పని ఎప్పుడు మొదలెట్టమంటారు?" అడిగాడు ఇంజనీరు.

చిన్నామె మొగుడి మీంచి చూపు తిప్పలేదు.

"రేపు పొద్దున్నే. మేమిద్దరం దగ్గరుండి కొట్టిస్తాం."