నిలువు గీతల టైరు

విజయవాడ గవర్నర్‌పేటలో బేరింగులు, ఆయిల్ సీళ్ళు అమ్మే కాశీరావుకి ఒక అలవాటుంది. కొత్త సరుకు రాగానే ప్రతి సీలు రబ్బరు అంచునీ బొటనవేలి గోటితో నొక్కి చూస్తాడు. గోరు దిగి, ఆ గుర్తు మెల్లగా మాసిపోతే సరుకు మంచిదన్నమాట. దిగకపోతే ఎంత నిగనిగలాడినా వెనక్కి పంపేస్తాడు. "కదలకుండా కూర్చున్నా రబ్బరుకి వయసొస్తుందండీ" అని కొనేవాళ్ళకి చెబుతుంటాడు. అంతటి మనిషి, అన్నయ్య బండి దగ్గరికొచ్చేసరికి ఆ గోటి సంగతే మరిచిపోయాడు.

అన్నయ్య రత్తయ్య పోయి ఏడాది కావస్తోంది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద తమ్ముడి చేయి పట్టుకుని, "నా జావా బండిని ఉన్నట్టే ఉంచరా కాశీ" అన్నాడు. ఆ తర్వాత మరే మాటా సరిగా చెప్పలేకపోయాడు. కాశీరావు ఆ మాటని నెత్తిన పెట్టుకున్నాడు. పెళ్ళైన కొత్తలో రత్తయ్య బ్యారేజీ మీద ఆ మోటారుసైకిలుతో దిగిన ఫొటో ఒకటుంది. దాన్ని షాపు బల్ల మీద అద్దం కింద పెట్టుకుని, బండిని అందులో ఉన్నట్టుగా ఒక్కొక్కటీ మార్పించుకుంటూ వచ్చాడు. హారను, లైటు, సీటు అన్నీ కుదిరాయి. ముందు చక్రానికున్న నిలువు గీతల టైరు మాత్రం ఎక్కడా దొరకలేదు. చివరికి ఏలూరులో మూతపడిన ఒక షాపు అటక మీద, చుట్టిన కాగితమైనా విప్పని జత కనిపించింది. అవి ఎప్పటివో చెప్పేవాళ్ళు లేరు, కాశీరావు అడగనూ లేదు. కొత్త టైరుకి అచ్చులోంచి వచ్చే రబ్బరు వెంట్రుకలైనా రాలలేదని మురిసిపోయి తెచ్చి వేయించాడు.

రత్తయ్య కూతురు ఉషశ్రీ ఉయ్యూరులో పశువుల డాక్టరు. నాన్న సంవత్సరీకం అయిన మర్నాడు ఆ బండి మీద హంసలదీవి వెళ్ళాలని ఆమె కోరిక. చిన్నప్పుడు ఏటా ఆమెని పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని, కృష్ణ సముద్రంలో కలిసే ఆ చోటికి తీసుకెళ్ళేవాడు నాన్న.

"నేను నడుపుతా, వెనక నువ్వు కూర్చో బాబాయ్. కానీ టైర్లు మార్చు. ఇప్పుడు నాట్ల రోజులు. చల్లపల్లి దాటాక ట్రాక్టర్లు రోడ్డంతా బురద చేసి పెడుతున్నాయి. ఈ కాలం టైర్లైతే పట్టుకుంటాయి" అంది.

"అప్పుడది మీ నాన్న బండి ఎందుకవుతుందమ్మా?"

"ఆ గీతలే కావాలంటే, అదే అచ్చులో కొత్త రబ్బరువి కూడా వస్తున్నాయిగా."

"అది వేషం వేసినట్టుంటుంది. ఉన్నట్టే ఉంచమన్నాడు మీ నాన్న. నేను మాటిచ్చాను."

పోయినవాడి మాట అడ్డం పెట్టుకున్న మనిషితో వాదించి గెలవడం ఎవరి తరం?

ఆ రోజు పొద్దున గుణదలలోని ఇంటి ముందు వదిన కనకలక్ష్మి బండికి పసుపు కుంకుమలు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక కాశీరావు కొబ్బరికాయ కొట్టాడు. ఆ నీళ్ళు గేటు ముందున్న సిమెంటు వాలు మీద పారాయి. రోడ్డెక్కాక బాబాయ్ ఎక్కుతాడని, ఉషశ్రీ ఒక్కతే నిమ్మకాయలు తొక్కించి మెల్లగా కదిలింది. మనిషి నడిచేంత వేగం కూడా లేదు. హ్యాండిల్ తిప్పేసరికి ఆ కాస్త తడి మీద ముందు చక్రం సర్రున జారింది. బండి ఆమె కాలి మీద పడింది. అటుగా వస్తున్న స్కూలు బస్సు ఆమె తలకి మూరెడు దూరంలో కీచుమంటూ ఆగింది.

బస్సు డ్రైవరు, కాశీరావు కలిసి బండి లేపారు. ఉషశ్రీకి చీలమండ మెలిపడింది, అంతే. ఆమెని అరుగు మీద కూర్చోబెట్టాక కాశీరావు మళ్ళీ బండి దగ్గరికొచ్చాడు. ముందు చక్రం పక్కన కూర్చుని టైరుని గోటితో నొక్కాడు. దిగలేదు. ఇంకా గట్టిగా నొక్కితే గోరే వంగింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ పంపుసెట్టులో వేసే సీలుని అంత శ్రద్ధగా చూసేవాడు, ఇంటి పిల్ల ఎక్కే బండికి అదొక్కటీ చూసుకోలేదు.

కనకలక్ష్మి కూతురి కాలికి కట్టు కడుతూ, తలెత్తకుండానే అంది. "కాశీ, ఆయనున్నన్నాళ్ళూ ఆ బండికి కొత్త టైర్లు వేయిస్తూనే ఉన్నారయ్యా. ఏ ఫొటో చూసీ వేయించలేదు. ఆయన పోయాకే అది ముసలిదైంది."

కాశీరావు గేటు పట్టుకుని ఏడ్చాడు. అన్నయ్య పోయిన రోజు కూడా నలుగురి ముందు అలా ఏడవలేదు.

ఉషశ్రీ కాలు నయమయ్యేసరికి వినాయక చవితి దాటిపోయింది. ఈలోగా కాశీరావు ఈ కాలం టైర్లు తెచ్చాడు. షాపులో ప్రతిదాన్నీ నొక్కి చూస్తుంటే అమ్మేవాడు నవ్వాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు. ఫొటోలోని గీతలకీ వీటికీ పోలికే లేదు.

ఇద్దరూ హంసలదీవి బయల్దేరారు. శివారు భూములకి కాలవ నీళ్ళు ఆలస్యంగా అందుతాయి కాబట్టి కోడూరు వైపు ఇంకా నాట్లు పడుతూనే ఉన్నాయి. ఒకచోట పొలంలోంచి ట్రాక్టరు ఎక్కిన మేర రోడ్డు మీద నల్లమట్టి పేరుకుని ఉంది. పైగా సన్నని వాన. వెనక కూర్చున్న కాశీరావు ఉషశ్రీ భుజం గట్టిగా పట్టుకున్నాడు. వెనక చక్రం కొంచెం ఊగి, మళ్ళీ నేలని పట్టుకుంది. ఉషశ్రీ వేగం తగ్గించి, నిదానంగా బురద దాటించింది.

సంగమం దగ్గర బండి ఆపి, "నాన్న ఉంటే ఈ టైర్లు చూసి ఏమనేవాడు బాబాయ్?" అంది ఉషశ్రీ.

కాశీరావు వంగి టైరుని గోటితో నొక్కాడు. గుర్తు పడింది. అది మాసిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళొస్తాయిరా అని అడిగేవాడు. అయిదేళ్ళమ్మా. అవి దాటితే అరగకపోయినా తీసేయి. అప్పటికి నేనుంటానో లేనో. పోయేముందు నేను కూడా నీ చేయి పట్టుకుని ఏదో ఒకటి అంటానేమో. పిల్లలెక్కే బండి సంగతైతే మాత్రం నా మాట వినకు."

ఉషశ్రీ బాబాయ్ చేయి పట్టుకుని మెల్లగా నీళ్ళలోకి దింపింది.