మేష్టారి ఇత్తడి పిల్లనగ్రోవి

ఎలీయాజరు మేష్టారి గొంతు పోయిన ఏడాది, కొల్లేటి లంకలోని ఆ చిన్న మందిరంలో ఆదివారం పాటలు కుంటుపడ్డాయి.

ఆయన మిషను బడికి పంతులు, మందిరంలో పాటకు పెద్ద. మెడలో కంతి లేస్తే ఆసుపత్రిలో కోసి తీశారు. ప్రాణం దక్కింది. గొంతు మాత్రం గుసగుస కింద మిగిలింది. దాంతో బడికి పెద్ద ఇబ్బంది రాలేదు. ఆయన మాట వినబడాలంటే తాము నోరు మూసుకోవాలని పిల్లలు వారం రోజుల్లోనే గ్రహించారు. చిక్కంతా మందిరంలోనే. ఆయన బదులు ఒకాయన మరీ పైన ఎత్తుకుంటే రెండో చరణానికి అందరి గొంతులూ తెగిపోయేవి. ఇంకొకాయన మరీ కింద ఎత్తుకుంటే మగవాళ్ల మూలుగు తప్ప ఏమీ వినబడేది కాదు. హార్మణీ కొనే తాహతు ఆ ఊరికి లేదు.

హాస్టల్లో చదువుకునే రోజుల్లో మేష్టారు రేకు పిల్లనగ్రోవి వాయించేవారు. అది గుర్తొచ్చి, శ్రుతి అందించడానికి పనికొస్తుందని తాడేపల్లిగూడెం సంతలో ఒకటి కొనుక్కొచ్చారు. బొమ్మల కొట్టు సరుకు. మొదటి ఆదివారమే కీచుమంది. పిల్లలు పకపకా నవ్వారు, ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రెండు నెలలు తిరిగేసరికి కొల్లేటి చెమ్మకి తుప్పుపట్టి పెదవి కోసింది. మేష్టారు దాన్ని చూరులో దోపేసి, పాటలు మొదలయ్యేసరికి మందిరంలో ఆఖరి చాప మీదకి వెళ్లి కూర్చోవడం అలవాటు చేసుకున్నారు.

ఆ ఆఖరి చాపే ఆయన భార్య కృపమ్మకు మింగుడుపడలేదు.

"ఏవండీ, శనివారం ఏలూరు వెళ్దాం," అంది ఒకనాడు అన్నం వడ్డిస్తూ.

"ఎందుకు?"

"పిల్లంగోవి కొనడానికి. ఈసారి మంచిది."

మేష్టారు తల అడ్డంగా ఊపారు. "తప్పు దానిది కాదు కృపా. ఊదేవాడిది."

"ఆ సంగతి మంచిది కొన్నాక తేలుతుంది లెండి. రవికలు కుట్టిన డబ్బులు మూడు రూపాయలున్నాయి. అవి మూటలో ఉండి పాట పాడవు కదా!"

శనివారం పొద్దున్నే తాటిదోనెలో గట్టుకు చేరి, గుండుగొలను దాకా నడిచి, అక్కడ బస్సెక్కారు. ఏలూరులో దిగాక నలుగురిని అడిగితే నలుగురూ షంషుద్దీన్ పేరే చెప్పారు. అతను పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. పెళ్లిళ్లు లేని నెలల్లో ఇంటి ముందుగదిలో కూర్చుని వాయిద్యాలు బాగుచేస్తాడు, మద్రాసు నుంచి తెప్పించినవి అమ్ముతాడు. వెనకగదిలో అతని తల్లి మరియంబీ తివాచీల ఉన్ని ఉండలు చుడుతూ ఉంటుంది. రెండు గదులకీ మధ్య ఒక తెర.

సంగతంతా కృపమ్మే చెప్పింది. షంషుద్దీన్ శ్రద్ధగా విని, రెండు పిల్లనగ్రోవులు తెచ్చి గుడ్డ మీద పరిచాడు.

"ఇది రేకుది మేష్టారూ. సంతలోదాని కంటే నయం. కానీ నోటి దగ్గరి బిరడా చూడండి, చెక్క. వాయిస్తుంటే తడికి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మెట్ట ఊళ్లకి పరవాలేదు. మీది కొల్లేరు. అందుకని నేనివ్వను." దాన్ని తనే తీసి పక్కన పెట్టేశాడు. "ఇది ఇత్తడి. బిరడా కూడా లోహమే. చెమ్మకి నల్లబడుతుంది, చింతపండుతో తోమితే సరి. రెండున్నర."

మేష్టారు అందుకున్నారు.

"గట్టిగా వద్దండీ, ముందు మెల్లగా ఊదండి. మెల్లగా ఊదినా అడుగు స్వరం నిలబడాలి. తర్వాత బలంగా ఊదితే పై స్వరం కీచుమనకుండా పలకాలి. ఆ రెండూ ఒకదానికొకటి ఒప్పితే మంచి సరుకన్నమాట. మెరుపుతో మనకి పని లేదు."

మేష్టారి వేళ్లు మొదట తడబడ్డాయి. కాసేపటికి బెజ్జాలు దొరికాయి. అడుగు స్వరం నిలబడింది. పై స్వరం శుభ్రంగా పలికింది. కృపమ్మ మొహం విప్పారింది. మేష్టారు మాత్రం పిల్లనగ్రోవి కిందికి దించి, గుసగుసగా ఏదో అన్నారు. షంషుద్దీన్‌కి వినబడక కృపమ్మ వైపు చూశాడు.

"శ్రుతి ఊళ్లోవాళ్లకి అందుతుందో లేదో ఎలా తెలుస్తుంది అంటున్నారండీ. ఇదివరకు ఆయన గొంతుతోనే చూసుకునేవారు."

"దానికేముందండీ, మీరు పాడండి. అందుతుందో లేదో తెలిసిపోతుంది."

కృపమ్మ ఉలిక్కిపడింది. "నేనా? బజార్లోనా? నాకు పాట రాదండీ. పదిమందిలో కలిపి అనడమే."

మేష్టారు ఆవిడ వైపు చూసి తలూపారు. పాడమన్నట్టు. ఆవిడ వీధి వైపు చూసింది. గుమ్మం అవతల జట్కాలు, మనుషులు, సోడాబండి.

అప్పుడు తెర కదిలింది. మరియంబీ చేతిలో ఉన్నితో సహా తొంగిచూసింది. "లోపలికి రా అమ్మా. ఇక్కడ నేనూ ఈ ఉండలూ తప్ప ఎవరూ లేరు. నువ్విక్కడ పాడు, ఆయన అక్కడ ఊదుతారు. గోడకి చెవులుంటే ఉండనీ."

కృపమ్మ వెళ్లి ఆవిడ పక్కన చాప మీద కూర్చుంది. బయట మేష్టారు అందరికీ బాగా తెలిసిన కీర్తన ఒకటి ఎత్తుకున్నారు. లోపలి నుంచి సన్నగా, భయంభయంగా గొంతు కలిసింది. పల్లవి బాగానే సాగింది. చరణంలో పైకి వెళ్లేసరికి కృపమ్మ గొంతు బిగుసుకుని ఆగిపోయింది.

"ఇది నాకే అందలేదండీ," అంది తెర వెనక నుంచి. "ఇక మా మందిరంలో ముసలాయన విశ్వాసం తాత సంగతేం చెప్పను!"

షంషుద్దీన్ నవ్వి, గడ్డం గీరుకుని, పెట్టె అడుగునుంచి జానెడున్నర పొడుగు ఇత్తడి గొట్టం తీశాడు. కింది కొసన ఒక సొట్ట.

"పొడుగు ఎక్కువైతే శ్రుతి తగ్గుతుంది మేష్టారూ. కొత్తదైతే ఐదు రూపాయలు. ఇది మా బ్యాండులో ఒకాయన వాడింది. సొట్ట బెజ్జాలకి దూరంగా ఉంది. ఊది చూశాక మాట్లాడుకుందాం."

దాని బెజ్జాలు ఎడంగా ఉన్నాయి. మేష్టారు వేళ్లు చాపి పట్టుకుని ఊదారు. కొల్లేటి మీద పొద్దున్నే ఎవరో దూరాన్నుంచి పిలిచినట్టు, మెత్తటి నాదం వచ్చింది. లోపల కృపమ్మ అందుకుంది. ఈసారి పల్లవి దాటి చరణంలోకి, చరణంలోంచి పైకి, ఎక్కడా బిగుసుకోకుండా వెళ్లింది. మరియంబీ చేతిలో ఉన్ని చుట్టడం ఆగింది.

కాసేపటికి పిల్లనగ్రోవి కూడా ఆగింది. కృపమ్మకి తెలియలేదు. ఒక్కతే పాడుతూ చరణం పూర్తిచేసింది. అప్పుడు నిశ్శబ్దం గమనించి, కంగారుగా తెర తొలగించింది.

"ఏమైందండీ? చెడిపోయిందా?"

మేష్టారు పిల్లనగ్రోవి ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నారు. పెళ్లయి పంతొమ్మిదేళ్లు. ప్రతి ఆదివారం ఆవిడ ఆయనకి రెండు బారల దూరంలో కూర్చుని పాడుతూనే ఉంది. ఆ గొంతును ఆయన ఎన్నడూ విడిగా వినలేదు. మందిరమంతా తన గొంతే నిండిపోయేది మరి.

"బాగుంది," అన్నారు.

"పిల్లంగోవేనా?"

"అదీ బాగుంది."

కృపమ్మ మొహం ఎర్రబడింది. షంషుద్దీన్ ఉన్నట్టుండి గుడ్డతో బల్ల తుడవడం మొదలెట్టాడు. రెండు రూపాయల పన్నెండణాలకి బేరం కుదిరింది. మరియంబీ పిల్లనగ్రోవి పెట్టుకోవడానికని ఎర్ర ఉన్నితో అల్లిన సంచి ఒకటి తెచ్చి, డబ్బులిస్తే పుచ్చుకోనంది.

మర్నాడు మందిరంలో మేష్టారు ముందు చాప మీద కూర్చున్నారు. శ్రుతి ఊదారు. ఎవరూ నోరు తెరవలేదు. ఆయన ఎత్తుకుంటారని అందరికీ అలవాటు. ఆయన మళ్లీ ఊది, ఆడవాళ్ల వైపు తిరిగి కృపమ్మను చూశారు. ఆవిడ కొంగు సర్దుకుంది. నేలచూపులు చూస్తూ ఎత్తుకుంది. రెండో మాటకి విశ్వాసం తాత కలిశాడు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత అందరూ. మూడో చరణంలో మేష్టారి ఊపిరి ఎక్కువై పిల్లనగ్రోవి ఒక్క కేక పెట్టింది. పిల్లలు నవ్వారు. మేష్టారు కూడా నవ్వేసి, మళ్లీ అందుకున్నారు. పాట మాత్రం ఆగలేదు.

బయటికి వచ్చాక విశ్వాసం తాత కర్ర మీద ఆనుకుని నిలబడి, "కృపమ్మా, ఇన్నేళ్లూ ఈ గొంతు ఎక్కడ దాచావే?" అని అడిగాడు.

"దాచలేదు తాతా. వీరు సందు ఇస్తేగా!" అంది కృపమ్మ.

అందరికంటే ఎక్కువ మేష్టారే నవ్వారు, చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా. వానలు పడేనాటికి పక్క లంకల నుంచి కూడా పెళ్లి ప్రార్థనలకి వాళ్లిద్దరినీ దోనె పంపి పిలిపించుకోవడం మొదలైంది. ఇంట్లో మాత్రం మేష్టారికి వేళాపాళా లేదు. సాయంత్రం బడి వదలగానే పిల్లనగ్రోవి తీసి వంటింటి గుమ్మంలో కూర్చునేవారు.

"ఆగండి, చేపల పులుసు దించనీండి," అనేది కృపమ్మ. అంటూనే పొయ్యి దగ్గర్నుంచే పల్లవి ఎత్తుకునేది.