పదిహేడుతో ముగిసే పందెం

నా భర్త జురాందిర్ పన్నెండేళ్ళు ఆన్‌లైన్ పోకర్ ఆడి ఇల్లు నడిపాడు. ఆ మాట చెబితే మా కురిచీబా నగరంలో ఇప్పటికీ సగంమంది నమ్మరు. నమ్మినవాళ్ళు నా వంక జాలిగా చూస్తారు. కానీ మేముంటున్న ఇల్లూ, మా అమ్మాయి లవీనియ చదివిన బడీ ఆ పేకముక్కల్లోంచి వచ్చినవే. నేను ఒక ల్యాబులో కట్టుడు పళ్ళు తయారుచేస్తాను. నా జీతం కూరలకూ కరెంటుకూ సరిపోయేది.

అతనిలో జూదరి లక్షణాలు ఒక్కటీ ఉండేవి కావు. బస్సు కంపెనీలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఎంత పద్ధతిగా ఉండేవాడో అంతే పద్ధతిగా మధ్యాహ్నం పన్నెండింటికి స్నానం చేసి, మాతే ఆకుల కషాయం పోసిన సొరబుర్ర పక్కన పెట్టుకుని, తెర మీద ఆరు బల్లలు తెరిచి కూర్చునేవాడు. పదిసార్లు ముక్కలు వస్తే ఎనిమిదిసార్లు పడేసేవాడు. నాకు జీతమిచ్చేది ఓపికకే అని నవ్వేవాడు. ఆ జీతం ఎవరిస్తున్నారో ఇద్దరికీ తెలుసు. భోజనమయ్యాక కాసేపు సరదాకి ఆడే పళ్ళ డాక్టర్లు, లారీల యజమానులు, రిటైరైన లెక్కల టీచర్లు. వాళ్ళు కొంచెం పోగొట్టుకుని, పెద్దగా బాధపడకుండా మర్నాడు మళ్ళీ వచ్చేవారు.

మా అన్నయ్య ఒస్నీకి మెకానిక్ షెడ్డు ఉంది. ఆదివారం మాంసం కాల్చుకుని తినడానికి కలిసినప్పుడల్లా అతను ఇదే గొడవ పెట్టేవాడు. ఇలాంటి మోజులు ఎన్ని చూశాం, అన్నీ పోయాయి, ఇదీ పోతుందని వాదించేవాడు.

"ఎదుటివాడి కంటే తనకే తెలివి ఎక్కువని మగాడు అనుకున్నంతకాలం ఇది పోదు బావా," అనేవాడు జురాందిర్.

"అయితే నువ్వు చచ్చేదాకా ఉంటుందిలే," అనేవాడు అన్నయ్య.

నాలుగేళ్ళ కిందట జురాందిర్ ఆట నేర్పడం మొదలుపెట్టాడు. ఆరుగురు శిష్యులు. వాళ్ళలో మైకాన్ అనే ఇరవయ్యారేళ్ళ కుర్రాడంటే అతనికి ప్రాణం. మోటారుసైకిల్ మీద పార్సిళ్ళు వేసుకుంటూ బతికిన మైకాన్, రెండేళ్ళు మా వంటింటి బల్ల దగ్గరే కూర్చుని ఆట నేర్చుకున్నాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. చదువుకోవడానికి పనికొస్తుందని జురాందిర్ అతనికి తను ఆడిన ఆటలన్నీ ఇచ్చేశాడు. అప్పటిదాకా ఏ ముక్కకి ఏం చేశాడో, లక్షల ఆటలు, ఒక్కటీ వదలకుండా.

ఆ తర్వాత ఏడాదికి ఓటములు మొదలయ్యాయి.

మొదట రోజులు బాగాలేవన్నాడు. నెలలు గడిచాయి. తను తప్పులు చేస్తున్నానన్నాడు. పాత ఆటలు తీసి, నోట్సు రాసుకుని, చిన్నపిల్లాడు పరీక్షకి చదివినట్టు చదివాడు. ఆరు గంటలు ఆడేవాడు పది గంటలు ఆడసాగాడు. నిద్రలో పళ్ళు నూరడం మొదలుపెట్టాడు. నేను ల్యాబులో పంటి తొడుగు చేసి తెచ్చాను. ఐదు వారాల్లో దాన్ని కొరికి పగలగొట్టాడు. ఇంకోటి చేశాను. అదీ పగిలింది. పగిలిన ముక్కలు అరచేతిలో పట్టుకుని అతను నన్ను చూసిన చూపు చూసి, మూడోది చెయ్యనా అని అడగడానికి కూడా భయమేసింది.

జూన్‌లో ఒక మధ్యాహ్నం నేను పైన్ గింజలు ఉడికిస్తున్నాను. "ఇవో" అని నన్ను పేరుపెట్టి పిలిచాడు. కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. మూడు నెలలుగా తనని ఎక్కువగా ఓడిస్తున్న నాలుగు పేర్లు తెర మీద ఉన్నాయి. అవి బాట్లని అతనికి అప్పటికే అనుమానం. అంటే మనిషి లేకుండా దానంతట అదే ఆడే ప్రోగ్రాము. అలసట లేదు, కోపం లేదు, ఆకలి లేదు.

"ఈ పందేలు చూడు ఇవో," అన్నాడు.

మూడు వందల పదిహేడు. పద్నాలుగు వందల పదిహేడు. ఎనిమిది వందల పదిహేడు.

లవీనియ పుట్టింది పదిహేడో తేదీన. ఆ ఏడాది నుంచి జురాందిర్, చేతిలో ఏమీ లేకుండా ఎదుటివాణ్ణి బెదిరించడానికి కాసే ప్రతి పందేన్నీ పదిహేడుతో ముగించేవాడు. దానికి ఆటలో ఏ అర్థమూ లేదు. వట్టి సెంటిమెంటు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. మైకాన్‌కి కూడా చెప్పలేదు. కానీ ప్రోగ్రాముకి ఎవరూ చెప్పక్కర్లేదు. అది లక్షల ఆటలూ చూసి, అదేదో గొప్ప ఎత్తనుకుని నేర్చుకుంది.

"ఇన్నాళ్ళూ నన్ను ఓడిస్తున్నది నేనే," అన్నాడు. పొయ్యి మీద గింజలు మాడి వాసన వచ్చేదాకా ఇద్దరం అలాగే ఉండిపోయాం.

ఆ ఆటలన్నీ ఉన్నది మైకాన్ ఒక్కడి దగ్గరే. శనివారం పొద్దున్న అతని ఇంటికి వెళ్ళాం. కొత్త అపార్ట్‌మెంట్, పదకొండో అంతస్తు. మమ్మల్ని చూసి అతను బెదరలేదు. కాఫీ పెట్టాడు, నాకు చక్కెర తక్కువని గుర్తుంచుకున్నాడు. లోపలి గదిలో వరసగా కంప్యూటర్లు పనిచేస్తూ ఉన్నాయి. ఒక్క కుర్చీ కూడా లేదు ఆ గదిలో.

జురాందిర్ ఒకటే అడిగాడు. "నా ఆటే ఎందుకు తీసుకున్నావురా?"

"మీకంటే బాగా ఆడేవాడు నాకు తెలీదు మాస్టారూ," అన్నాడు మైకాన్. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు. నా భర్త ముఖం పాలిపోయింది.

తర్వాత మైకాన్ మెల్లగా చెప్పుకొచ్చాడు. తను చెయ్యకపోతే ఇంకొకడు చేస్తాడట. రెండేళ్ళలో అన్ని బల్లలూ ఇలాగే ఉంటాయట. మాస్టారు పక్కన కూర్చుని దాని తప్పులు దిద్దితే చాలు, వచ్చినదాంట్లో సగం ఇస్తాడట.

"ఈ ఆట అయిపోయింది మాస్టారూ. మీకు తెలుసు. ఉన్నన్నాళ్ళు మనమే తిందాం."

జురాందిర్ కాఫీ తాగకుండా లేచాడు.

ఇక్కడ నా సంగతి దాచకుండా చెప్పాలి. కారులో నేను ఒప్పుకోమన్నాను. ముందు మెల్లగా, తర్వాత బతిమాలుతూ. బడికి మూడు నెలల ఫీజు కట్టలేదు. అతనికి నలభై రెండేళ్ళు, పన్నెండేళ్ళుగా వేరే పని చెయ్యలేదు. ఎవరినీ చంపమనడం లేదుగా, అన్నాను.

"ఆ లెక్కల టీచరు నాతో ఓడిపోతే, రేపు నన్ను గెలుస్తాననుకుని పడుకుంటాడు ఇవో. ఆ ప్రోగ్రాము మీద ఎలా గెలుస్తాడు?"

"నువ్వు మాత్రం గెలవనిచ్చావా ఆయన్ని?" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను. అన్నది అబద్ధం మాత్రం కాదు.

జురాందిర్ తను పోగుచేసిన ఆధారాలన్నీ ఆట నడిపే సైటువాళ్ళకి పంపాడు. ధన్యవాదాలంటూ రెండు వాక్యాల జవాబు వచ్చింది. నాలుగు పేర్లు మూసేశారు. వారం తిరక్కుండా అదే ఆట, కొత్త పేర్లతో. అప్పుడు జురాందిర్ కెమెరా ముందు కూర్చుని రెండు గంటలు మాట్లాడి ఆ వీడియో అందరికీ పెట్టాడు. పదిహేడు సంగతితో సహా.

అది చూసి ఆటగాళ్ళందరూ తమ తమ ఆటలు తిరగేసుకున్నారు. ఒకడు ఇరవై బాట్లను పట్టాడు, ఇంకొకడు అరవై. నిజమైనవెన్నో, ఓడిపోయినవాళ్ళ ఊహలెన్నో తేల్చేవాళ్ళు లేరు. పళ్ళ డాక్టర్లు, లారీల యజమానులు ఈ గొడవల్లోకి దిగలేదు. చప్పుడు చెయ్యకుండా మానేశారు. ఆగస్టుకల్లా బల్లలు సగమయ్యాయి, అక్టోబరుకి వేళ్ళ మీద లెక్కపెట్టేంత. మైకాన్ ఇంకో సైటుకి మారిపోయాడని విన్నాం. దెబ్బ తిన్నది మిగిలిన ఐదుగురు శిష్యులూ, వాళ్ళలా ఆట మీదే బతికేవాళ్ళూ. వాళ్ళలో వాల్మోర్ అనేవాడు మా ఇంటికే వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నిజం చెప్పారు మాస్టారూ, సంతోషం. నా పిల్లలకి ఏం పెట్టమంటారు, మీ వీడియోనా?"

జురాందిర్ తల వంచుకుని విన్నాడు. ఆ రోజు నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఉద్యోగాలకి వెళ్ళాడు. ఒక గోడౌన్‌లో ఇంటర్వ్యూ చేసిన అమ్మాయి పన్నెండేళ్ళు ఏం చేశారని అడిగిందట. పోకర్ అంటే ఆమె నవ్వు ఆపుకుని, ఇంకేమైనా వచ్చా అందట. చివరికి అన్నయ్య తన షెడ్డులో లెక్కలు రాసే పని ఇచ్చాడు. పోతుందని నేను చెప్పలేదా అని అన్నయ్య ఒక్కసారి కూడా అనలేదు. అనకపోవడమే జురాందిర్‌కి ఎక్కువ నొప్పి. లవీనియని ప్రభుత్వ బడికి మార్చాం. నేను ల్యాబులో రెండో షిఫ్టు తీసుకున్నాను.

పోయిన ఆదివారం మధ్యాహ్నం గదిలోకి వెళ్తే, అతను సైటు తెరిచి కూర్చుని ఉన్నాడు. ఒకే బల్ల. దాని చుట్టూ అతనొక్కడే. ఎంతసేపటి నుంచి అని అడిగితే పన్నెండింటి నుంచి అన్నాడు. అప్పుడు గంట రెండున్నర.

నేను నిలబడి ఉండగానే తెర మీద ఎదురు కుర్చీలో ఎవరో వచ్చి కూర్చున్నారు. జురాందిర్ వెన్ను నిటారుగా అయింది. ముక్కలు పంచకముందే కింద ఒక మాట మెరిసింది.

"మనిషివేనా?"

"అవును," అని రాశాడు జురాందిర్. "నువ్వు?"

తర్వాత ఆ కుర్చీ ఖాళీ అయింది.

"నమ్మలేదు," అన్నాడు.

భోజనానికి రమ్మన్నాను. ఇంకొక్క అరగంట చూస్తానన్నాడు, ఆదివారాలు ఈ వేళకి జనం వచ్చేవాళ్ళని. అన్నం మీద మూత పెట్టి నేను షిఫ్టుకి వెళ్ళిపోయాను.