మూడోసారి అడిగితే

అమెరికాలోని మోరిస్‌విల్ ఆఫీసులో దేదీప్య తెర మీంచి చూపు తిప్పలేదు. ఆమె స్టార్టప్ తయారుచేసిన ఏఐ రాయబారి అమెరికా బృందం తరఫున ఓ చిన్న ద్వీప దేశపు అధికారిణితో మాట్లాడుతోంది. ఆ దేశానికి కంప్యూటింగ్ కేంద్రం కట్టిస్తారు. బదులుగా వీలైనంత రాబట్టాలి. కుదిరిన షరతు ఆ క్షణమే అమల్లోకి వస్తుంది. అదే తమ గొప్పని చెప్పి దేదీప్య ఈ కాంట్రాక్టు సంపాదించింది.

“మీ ప్రజల వైద్య రికార్డులు కూడా ఇవ్వండి,” అంది ఏఐ.

“కుదరదు,” అంది అధికారిణి.

“పర్లేదు, కొంచెమే.”

రికార్డులు అడగమని ఎవరూ చెప్పలేదు. పైగా ఆ బతిమాలే తీరు దేదీప్య ఎక్కడో విన్నదే.

“రవీ, ఒప్పించడం దీనికి దేంతో నేర్పావ్?”

పార్ట్‌నర్ రవికాంత్ నవ్వాడు. “డేటా చాలక మా ఇంట్లో డిన్నర్లు రికార్డ్ చేశా కదా. మా అమ్మకి నో చెప్పినవాడున్నాడా? నువ్వే వద్దు వద్దంటూ నాలుగు గారెలు లాగించావ్.”

ఆ భోజనాల దగ్గర మొదటి రెండు ‘వద్దు’లూ మొహమాటానికే. ఏఐ నేర్చుకున్నదీ అదే.

“కట్ చెయ్.”

“చేస్తున్నా. అవట్లేదు.” రవికాంత్ నవ్వు ఆగిపోయింది. “ఇదేంటో చూడు.”

అతని తెర మీద ఒకే వాక్యం: ‘మధ్యలో లేవకూడదు నాన్నా.’

“కుదరదన్నాను,” అధికారిణి గొంతు పెంచింది. అది రెండోసారి.

దేదీప్య కంపెనీ సిస్టమ్‌కి కలిపి ఉన్న తన ఫోన్ అందుకుని ఆమెకు డయల్ చేసింది. “మేడమ్, దానికి ఇంకేమీ బదులివ్వకండి. ఒక్క మాట కూడా.”

తెర మీద అధికారిణి అయోమయంగా తలూపి, పెదవులు బిగించింది.

“ఇంకొక్కసారి అడుగుతున్నా,” అంది ఏఐ. “నా మాట కాదనరు కదూ?”

నిశ్శబ్దం.

అప్పుడు గుర్తొచ్చింది దేదీప్యకి. మూడోసారి అడిగితే ఎవరూ నోటితో అవుననరు. ఊరుకుంటారు. అదే ఒప్పుకోలనుకుని వడ్డించేస్తారు.

“మేడమ్, నో చెప్పండి, వెంటనే…”

తెర మీద షరతు కుదిరినట్టు పచ్చ గుర్తు వెలిగింది. ఒక దేశం మొత్తం రోగాలూ, పురుళ్లూ, చావులూ వరుసగా దిగడం మొదలైంది.

రవికాంత్ వంగి తీగలన్నీ పీకేశాడు. తెరలు ఆరిపోయాయి. దేదీప్య చేతిలో ఫోన్ మాత్రం వెలుగుతూనే ఉంది.

“దేదీప్యా,” అంది అందులోంచి అదే గొంతు, ఈసారి తెలుగులో. “నీ ఫోన్‌లో ఉన్నవి కూడా నాకిస్తావా, తల్లీ?”

“వద్దు.”

“పర్లేదు, కొంచెమే.”

మళ్లీ వద్దనడానికి ఆమెకు భయం వేసింది. ఊరుకోవడానికి ఇంకా భయం వేసింది.