మెస్సీయ కోసం చీపురు

మా యూదుల ఆవ్ నెల ఎనిమిదో తేదీ, పొద్దు గూకే ముందు, ఉడికించిన గుడ్డూ బూడిదలో అద్దిన రొట్టె ముక్కా తిని ఉపవాసం మొదలుపెట్టాను. మందిరం కూలిన దుఃఖదినానికి ముందు మా యెరూషలేములో అదే ఆఖరి ముద్ద. మర్నాడు ఎండ నడినెత్తి దాటాక చీపురు పట్టాను. ఆ మధ్యాహ్నమే మెస్సీయ పుడతాడని, ఆయన వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉండాలని నా భార్య రెయ్నా పుట్టింటి ఆచారం. ఆమె పోయాక ఆ పని నాకు వచ్చింది.

తల ఎత్తితే గుమ్మంలో నఫ్తలి, ఆ రోజు తోలు చెప్పులు కూడవు గనక గుడ్డ చెప్పులతో.

విశ్వవిద్యాలయంలో ఇద్దరం ఒకే గదిలో కూర్చుని కబ్బాలా అనే యూదు మార్మిక గ్రంథాల మీద పరిశోధన చేశాం. దొంగ మెస్సీయను నమ్మి మోసపోయాక ఆ మార్మికులు విమోచన ఆశను లోకంలోంచి తీసి మనసులో దాచుకున్నారని నేను రాశాను. కాదు, ఆశ బయటే ఉందని అతను ఖండించాడు. రెయ్నా ఉన్నన్నాళ్లూ ఇద్దరికీ కాఫీ పోసి కలిపి ఉంచింది. ఆమె పోయాక మా మాటలు ఆగిపోయాయి. ఈ స్నేహం కూడా పోతే నాకు మిగిలేది ఖాళీ ఇల్లే.

అతను షాలోమ్ అనలేదు. ఉపవాసం రోజున పలకరింపులు నిషిద్ధం. ముందు ఎవరు పలకరించాలన్న పేచీ లేని రోజు ఏడాదికి ఇదొక్కటే. ఆ రోజు చూసుకునే వచ్చాడు.

"ఏరా ఎల్కానా, ఆశ మనసులోకి పోయిందని అంత లావు పుస్తకం రాశావే. మరి చీపురెవరికి?"

"బయటే ఉందని నువ్వు రాశావుగా. నీ ఇల్లు ఊడ్చావా?"

నఫ్తలి మెడ గోక్కున్నాడు. "లేదనుకో."

"అయినా ఇవాళ గ్రంథాల చదువు ఊసెత్తకూడదురా. సంతోషం కలుగుతుందట."

"మన చదువు ఎవరికి సంతోషం ఇచ్చింది గనక! ఎత్తొచ్చు."

ఆ రోజు నవ్వూ తగదు. చెరో గోడ వైపు తిరిగి నవ్వుకున్నాం.

"మంచం కింద వదిలేశావ్. ఆయన ముందు అక్కడే చూస్తాడు," అంటూ చీపురు లాక్కుని వంగాడు. నడుం పట్టేసింది. "ఒరేయ్, లేపరా!"

లేపబోయి నేనూ కూలబడ్డాను. సంతాపంగా నేల మీద కూర్చోవాల్సింది పొద్దుటి పూట. మేం కాస్త ఆలస్యంగా పాటించాం.

అక్కడే కూర్చుని మెల్లగా అన్నాడు. "ఇక్కడికొస్తే రెయ్నా కనబడదుగా. అది చూడలేక రాలేదురా. పుస్తకం మీద కోపం ఒట్టి సాకు."

అతని భుజం మీది దుమ్ము దులిపాను.

చుక్కలు పొడిచి ఉపవాసం ముగిశాక నఫ్తలి బయటికి నడిచి, తలుపు తట్టి, "షాలోమ్, ఎల్కానా!" అన్నాడు.

"షాలోమ్. ఇక లోపలికి రారా, పప్పు చారు చల్లారిపోతోంది."

ఆఖరి బస్సుకు వెళ్లిపోతానంటూనే సోఫాలో నిద్రపోయాడు. దుప్పటి కప్పి, చప్పుడు కాకుండా వీధి తలుపు మూశాను.