నీలం తాడు కట్టిన పెట్టె

బఠాణీలు అడుగంటకూడదు, అదొక్కటి చూసుకుంటే చాలు, గరిటె తిప్పుతూనే ఉన్నాను, ఇరవై రెండేళ్ళుగా ఈ క్లబ్బు వంటగది కిటికీ వెనక నిలబడి మాంసం కూరి కాల్చిన పైలు, గుజ్జు బఠాణీలు వడ్డిస్తున్నదాన్ని, నోరీన్ చేతి బఠాణీలు తినకపోతే రగ్బీ ఆట చూసినట్టే ఉండదంటారు మా ఊరు కార్‌బెక్‌లో, కళ్ళు మూసుకుని వడ్డించగలను, కానీ ఈ ఆదివారం నా కళ్ళు గోడ గడియారాన్ని వదలడం లేదు, ఒంటిగంటా ఇరవై, రెండు కొట్టగానే ఛైర్మన్ హోల్రాయిడ్ ఆ చిన్న వేదిక ఎక్కి వచ్చే ఏడాది జట్టులో ఎవరుంటారో ఎవరు పోతారో చదువుతాడు, పోయేవాళ్ళలో ఎనోక్ పేరు ఉంటుంది, మూడేళ్ళుగా మా ఇంటి వెనక గదిలో ఉంటున్న ఎనోక్, ఆ పేరు అటువైపు చేరడానికి కారణం నేను, ఈ సంగతి తెలిసిందీ నాకొక్కదానికే, ఇంకా నలభై నిమిషాలుంది.

కిటికీకి ఆనుకున్న బల్ల దగ్గర క్లిఫర్డ్, శాండ్రా, డెన్నిస్ ఎప్పటిలాగే మాటల్లోనే జట్టుని అమ్మేసి మళ్ళీ కొంటున్నారు, క్లిఫర్డ్ ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు, ఇప్పుడు నోరు నడుపుతున్నాడు, ఆస్ట్రేలియా నుంచి ఎవడో వస్తున్నాడంట, ముందు వరుసలో ఆడతాడంట, నూట ఇరవై కిలోలంట అంటున్నాడు, అందులో ఇరవై మోకాళ్ళకి చుట్టిన పట్టీలే అంది శాండ్రా, ముప్పై మూడేళ్ళు, రెండు మోకాళ్ళూ కోయించుకున్నాడు, వాణ్ణి తెచ్చి ఏం చేస్తారు, గోలు కర్రకి జేరేస్తారా, శాండ్రా క్లబ్బు ఆఫీసులో ఉత్తరాలు టైపు చేస్తుంది కాబట్టి ఆమె మాటకి తిరుగులేదు, డెన్నిస్ మెల్లగా అన్నాడు, మనం పెంచినోళ్ళనేమో కొండవతల క్లబ్బోళ్ళు ఎత్తుకుపోతారు, ఎవడో పారేసినోణ్ణి మనం ఏరుకొచ్చుకుంటాం, ఇదేం బతుకురా బాబూ, అయినా బయటి దేశాలవాళ్ళకి జట్టులో ఐదు చోట్లే కదా, ఎనోక్‌ది ఖాళీ అయితేనేగా ఈ మోకాళ్ళాయన వచ్చేది అంది శాండ్రా, వాడి పేరెత్తకు నా ముందు అన్నాడు క్లిఫర్డ్, తింటున్నాను, అరగదు, మూడేళ్ళు నెత్తిన పెట్టుకున్నామే, ఏం తక్కువ చేశాం వాడికి, నోరీన్, ఇంకాస్త బఠాణీలు వెయ్యమ్మా, వేస్తున్నాను క్లిఫర్డ్, వేస్తున్నాను, పళ్ళెం అంచు మీద పడింది, తుడిచాను, వాడి పేరెత్తకు అన్న ఈ నోరే పోయిన ఏడాది వానలో గొంతు చించుకుని ఆ పేరు అరిచి మూడు రోజులు మాట లేక చీటీల మీద రాసి చూపించుకుంది.

ఎనోక్‌ది పాపువా న్యూగినీ, కొండల్లో ఊరు, అక్కడ ఈ పదమూడుగురి ఆట అంటే ప్రాణమట, ఊరంతా కలిపి ఒకటే టీవీ, వాడు ఆడే రోజు చర్చి ముందు పెట్టుకుని చూస్తారట, వచ్చిన కొత్తలో ఎవరో ఏం తింటావయ్యా అని అడిగితే కాల్చిన చిలగడదుంప అన్నాడు, అంతే, ఆ వారం నుంచి వాడు బంతిని గీత దాటించి ట్రై కొట్టినప్పుడల్లా మా మైదానం తూర్పు వైపు మెట్ల మీద జనం చిలగడదుంపలు పైకెత్తేవాళ్ళు, ముసలమ్మలు చేతిసంచుల్లో పెట్టుకుని వచ్చేవాళ్ళు, బజారులో కూరగాయలాయన ఆదివారం దుంపలు అని వేరే బుట్ట పెట్టాడు, మరి పోయిన నెల ఆఖరి ఆటలో ఒక్క దుంపా లేవలేదు, కాదు, ఒకటి లేచింది, అది వాడి వీపుకి తగిలింది, వాడు వెనక్కి తిరిగి చూడలేదు, ఆట అయ్యాక దాన్ని వెతికి తెచ్చాడు ఇంటికి, కడిగాడు, అమ్మా, మంచి దుంప, పారెయ్యడమెందుకు, కాల్చు అన్నాడు, కాల్చాను, చెరో సగం తిన్నాం, నా సగం నీళ్ళు తాగి మింగాను.

ఇదంతా ట్రెవర్ వల్ల, కాదు, చచ్చిపోయినవాడి మీద తోయడం తేలిక, మా ఆయన ట్రెవర్ బతికున్న రోజుల్లో ఒక ఆటగాడికి బోర్డువాళ్ళు మళ్ళీ ఒప్పందం రాయకుండా నానబెడుతుంటే, మంగలి షాపులో గడ్డం గీయించుకుంటూ, వాణ్ణి కొండవతలివాళ్ళు పిలుస్తున్నారట అని ఊరికే ఒక మాట వదిలాడు, అది సాయంత్రానికి అప్పటి ఛైర్మన్ చెవిన పడింది, వారం తిరక్కుండా ఒప్పందం చేతిలో పెట్టారు, ట్రెవర్ దాన్ని చెప్పుకుని చచ్చేదాకా నవ్వాడు, ఈ ఏడాది ఎనోక్‌నీ అలాగే నానబెట్టారు, జులై పోయింది, ఆగస్టు సగమైంది, ఒప్పందం లేకపోతే వీసా లేదు, క్లబ్బు లేకపోతే వచ్చే ఏడాది ప్రపంచ కప్పుకి వాళ్ళ దేశం వాణ్ణి తీసుకోదు, అప్పుడు నేను ట్రెవర్ పెళ్ళాన్ననిపించుకున్నాను, ఇప్పుడు మంగలి షాపులెక్కడివి, అభిమానుల ఇంటర్నెట్ పేజీలో నాకు పాత బూటు అని ఒక దొంగపేరుంది, ఆ పేరుతో బోర్డువాళ్ళని తిట్టడం నాకు సరదా, ఎవరికీ తెలియదు, క్లిఫర్డ్ కూడా ఈ పాత బూటెవడో గాని భలే రాస్తాడే అంటుంటాడు, ఆ పేరుతో నాలుగు ముక్కలు రాశాను, కొండవతలివాళ్ళు పిలిచారు, మాట అయిపోయింది, మనవాళ్ళు ఇంకా నిద్రపోతున్నారు అని, మేలుకొంటారనుకున్నాను, మేలుకున్నారు, మేలుకుని వాడి ముందు పెట్టబోయిన కాగితం చించేశారు, మంగలి షాపు మాట వారానికి చల్లారేది, ఇది చల్లారలేదు, తెల్లారేసరికి మూడు వందల మంది దాని కింద ద్రోహి అని రాశారు, గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చినదాన్ని నేనే.

చెప్పడానికి ప్రయత్నించలేదని కాదు, పాత బూటు పేరుతోనే మళ్ళీ రాశాను, నేను పొరబడ్డాను, అదంతా అబద్ధం అని, ఎంతకి అమ్ముడుపోయావు పాత బూటూ అని రాశాడు ఒకడు, మొన్న గురువారం హోల్రాయిడ్ ఇంటి తలుపు తట్టాను కూడా, ఆయన తీసి ఏంటి నోరీన్ ఇలా వచ్చావు అంటే చేతిలో ఉన్న మాంసం పై ఇచ్చి, మీ ఆవిడకి బాలేదని విన్నానండీ అని వచ్చేశాను, ఆవిడ వెనక నిలబడి నవ్వుతోంది, గుండ్రాయిలా ఉంది, ఎందుకు భయమంటే వెర్నన్ వల్ల, వెర్నన్ గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు, ఎవరు ఆడతారో ముందే కొండవతలివాళ్ళకి చెప్పాడని ఒకసారి బయటపడింది, ఎవరూ ఒక్క మాట అనలేదు, తిట్టలేదు, ఆ బల్ల దగ్గర కుర్చీ మాత్రం లేకుండా పోయింది, ఎప్పుడొచ్చినా అయ్యో, మనుషులొస్తున్నారయ్యా వెర్నన్ అనేవాళ్ళు, ఆ తరవాత రెండేళ్ళు వెర్నన్ ఆదివారాలు మైదానం వెనక సందులో కారాపుకుని అద్దాలు ఎత్తుకుని రేడియోలో ఆట విన్నాడు, గోడకి అవతల జనం అరుస్తుంటే ఇవతల కూర్చుని విన్నాడు, ఆ కారు పక్కనుంచి నేనూ చూడనట్టే నడిచాను, ట్రెవర్ పోయాక నాకున్నదల్లా ఈ కిటికీయే, ఇది మూసుకుపోతే సోమవారం నుంచి శనివారం దాకా నేను దేనికోసం లేవాలి.

క్లబ్బు కోసం రాశాను, వాడి కోసం రాశాను, ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఇదే, అదీ అబద్ధమే, ఆ రోజు వాడు సాధనకి వెళ్ళాక వెనక గది తుడుస్తుంటే అల్మారా మీద పెట్టె కనిపించింది, తాళం విరిగితే నీలం తాడు కట్టుకున్న పెట్టె, బూజు దులపడానికి దించాను, ఎంత తేలిగ్గా ఉందో, వాడి వస్తువులన్నీ పది నిమిషాల్లో అందులో పట్టేస్తాయి, పొద్దున్నే వాడు గోడ మీద రెండు సార్లు తడతాడు, నేను ఇటునుంచి రెండు సార్లు తడతాను, ఉన్నావా అంటే ఉన్నాను అని, ఆ చప్పుడు పోతుంది, నేను మంచం మీద కూర్చుని గోడ వంక చూస్తూ ఉంటాను, అలా అనుకుంటూనే ఆ సాయంత్రం రాశాను, నా కోసం రాసుకున్నాను, రోజులు గడిచాయి, మొన్న మంగళవారం వాడు గిన్నెలు తుడుస్తూ ఊరికే అడిగాడు, అమ్మా, నేను వెళ్ళిపోయినా నువ్వు ఆదివారాలు క్లబ్బుకి వెళ్తావుగా, మానవుగా, మానను, ఎందుకు మానతాను, పిచ్చి ప్రశ్న అన్నాను, ఆ పళ్ళెం ఇటివ్వు అన్నాను.

ఒంటిగంటా నలభై, గది నిండిపోయింది, ఆటగాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వెనక గోడ వెంట నిలబడుతున్నారు, పోయేవాళ్ళు కూడా వచ్చి పేరు చదివించుకుని అందరికీ చెయ్యి కలిపి వెళ్ళాలి, అది మా ఊరి మర్యాద, ఎనోక్ క్లబ్బు కోటు వేసుకుని వచ్చాడు, పొద్దున నేనే ఇస్త్రీ చేశాను, వాడి పక్కన రెండు అడుగుల జాగా ఎవరూ నిలబడకుండా వదిలేశారు, అదిగో వచ్చాడు మారాజు అన్నాడు క్లిఫర్డ్, కాస్త మెల్లగా అనరా, వింటాడు అన్నాడు డెన్నిస్, విననీ, పాత బూటు ఏం రాశాడో గుర్తుందా, ఉండు, చదువుతా, కళ్ళజోడు ముక్కు మీదకి తోసుకుని ఫోను దూరంగా పట్టుకున్నాడు, నాకు దొంగకి తేలు కుట్టినట్టుంది, వద్దు క్లిఫర్డ్, చదవకు, చదివాడు, నీలం తాడు కట్టిన పెట్టె అల్మారా మీదనుంచి దిగింది బాబులూ, ఇంక మీరు తీరిగ్గా లేవండి, చూశావా, పెట్టె సంగతి కూడా తెలిసిపోయింది, నిప్పు లేనిదే పొగ రాదు, మరి ఆ పెట్టెకి తాడుందని, అదీ నీలం తాడని ఆ పాత బూటుగాడికెలా తెలిసిందిరా అన్నాడు డెన్నిస్, గరిటె ఆగిపోయింది నా చేతిలో, ఇన్ని రోజుల్లో ఆ ఒక్క మాట నేనెందుకు ఆలోచించలేదు, నమ్మించాలని రాసుకున్న మాట, ఆ గదిలోకి వెళ్ళేది ఇద్దరమే.

అందులో ఆశ్చర్యమేముంది, ఎనోకే చెప్పుకున్నాడుగా, అంది శాండ్రా, అప్పుడు నేను ఆఫీసు గదిలోనే ఉన్నాను, హోల్రాయిడ్ గారు పిలిపించి అడిగారు, ఇది ఎవరి పని, నీ ఇంటి సంగతి బయటికెలా వచ్చింది, నోరీన్ గాని ఎవరికైనా చెప్పిందా అని, కాదండీ, ఆమెకేం తెలియదు, నేనే పబ్బులో ఎవరితోనో వాగాను, కొండవతలివాళ్ళ మాట కూడా నేనే అన్నాను అన్నాడు, తల వంచుకుని, అదీ మొన్న మంగళవారం, తాగితే అంతే మరి అన్నాడు క్లిఫర్డ్, పబ్బులోనా, ఎనోక్ పబ్బు గడప తొక్కలేదు, వాళ్ళ చర్చిలో తాగకూడదు, మూడేళ్ళలో నా క్రిస్మస్ కేకులో చుక్క బ్రాందీ ఉందని అది కూడా ముట్టలేదు, మంగళవారం, మంగళవారం వాడు వచ్చి కోడి ముక్కలు తిన్నాడు, ఇంకా ఉన్నాయా అమ్మా అని అడిగి మరీ తిన్నాడు, గిన్నెలు తుడిచాడు, ఆదివారాలు క్లబ్బుకి వెళ్తావుగా, మానవుగా అన్నాడు, అది పిచ్చి ప్రశ్న కాదు, అంతకు నెల ముందు, నేను రాసిన మర్నాడు, పొద్దున గోడ మీద చప్పుడు కాస్త ఆలస్యమైంది, లేవలేదేమో అనుకున్నాను, ఆ తరవాత తట్టాడు, రెండు సార్లు, ఎప్పటిలాగే.

బఠాణీలు అడుగంటాయి, వాసన వస్తోంది, రానీ, పొయ్యి ఆపాను, వాడికి తెలుసు, మొదటి రోజు నుంచీ తెలుసు, తెలిసే ఆ దుంప నా చేత కాల్పించుకుని సగం నాకు పెట్టాడు, వాడికి పోవడానికి ఒక ఊరుంది, చర్చి ముందు టీవీ పెట్టుకుని కూర్చునే జనం ఉన్నారు, ఈమెకి ఈ కిటికీ తప్ప ఇంకేం లేదు అనుకున్నాడు, ప్రపంచ కప్పు ఒక పక్క, నా బఠాణీల గిన్నె ఒక పక్క పెట్టుకుని చూసి, నా గిన్నె పోకూడదు అనుకున్నాడు, నేను వాణ్ణి నా ఇంట్లోనే నిలుపుకోవాలని వాడి పేరు చెడగొట్టాను, వాడు నన్ను ఈ గదిలో ఉంచాలని వాడి పేరు వదులుకున్నాడు, ముందు తలుపు తెరిచి హోల్రాయిడ్ కాగితం పట్టుకుని వస్తున్నాడు, నేను ఏప్రన్ విప్పి మేకుకి తగిలించాను, పక్క తలుపు తోసుకుని గదిలోకి నడిచాను, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆదివారం పూట ఈ వైపు నిలబడ్డాను, ఏంటి నోరీన్, పైలు అయిపోయాయా అన్నాడు క్లిఫర్డ్, వెనక గోడ దగ్గర ఎనోక్ నన్ను చూసి తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దమ్మా, వద్దు, అని, నేను బల్ల మీద చేత్తో రెండు సార్లు తట్టాను, పాత బూటు నేనే క్లిఫర్డ్, అన్నాను.